ఒక గిన్నె, డెబ్బైరెండు చేతులు: జింగ్‌డెజెన్ పింగాణీ వెనక ఉన్న ఊరు

1637లో సోంగ్ యింగ్‌షింగ్ అనే చైనా పండితుడు తన కాలపు వృత్తుల మీద ఒక పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. వరి సాగు మొదలు పడవలు కట్టడం దాకా అందులో ఎన్నో పనులకు చోటు దొరికింది. పింగాణీ గురించి రాస్తూ ఆయన ఒక లెక్క చెప్పాడు. మట్టిముద్ద గిన్నెగా మారేలోపు 72 చేతులు మారుతుందట. చిన్నాచితకా పనులు ఈ లెక్కలోకి రావని కూడా ఆయనే అన్నాడు. ఆ పని జరిగే ఊరు జియాంగ్సీ ప్రావిన్స్‌లోని జింగ్‌డెజెన్. 1712లో అదే ఊరి సంగతులు వివరిస్తూ ఫ్రాన్స్‌కు ఉత్తరం రాసిన జెసూయిట్ అనే క్యాథలిక్ సంఘపు పాదరీ దాంత్రకోల్ కూడా, ఒక్కో పాత్ర డెబ్బై మంది చేతుల మీదుగా వెళ్తుందనే రాశాడు.

చైనా పింగాణీ గొప్పతనానికి మామూలుగా రెండు కారణాలు చెబుతుంటారు. ఒకటి అక్కడి కొండల్లో దొరికే మట్టి, రెండోది చక్రవర్తుల పోషణ. రెండింట్లోనూ నిజం ఉంది. అయితే ఆ మట్టిని వందల ఏళ్లుగా తవ్వి తవ్వి దాదాపు ఖాళీ చేశారు. 2009లో చైనా ప్రభుత్వం జింగ్‌డెజెన్‌ను వనరులు అడుగంటిన నగరాల జాబితాలో చేర్చింది. చక్రవర్తుల పాలన 1912లోనే ముగిసింది. అయినా ఆ ఊరు ఇవాళ్టికీ పింగాణీ మీదే బతుకుతోంది. మట్టి పోయినా, రాజు పోయినా మిగిలింది పనిని పంచుకునే పద్ధతి. ఆ 72ను మాటవరసకు చెప్పిన అంకెగా కొట్టిపారేయకుండా అక్షరాలా పట్టించుకుంటే, ఈ ఊరి చరిత్రలో చిక్కుముడులు చాలావరకు విడిపోతాయి.

ఏరు, కొండ, అడవి

ఊరు చాంగ్ నది ఒడ్డున ఉంది. చుట్టూ కొండలు, వాటి మీద పైన్ అడవులు, కొండల మధ్య ఏడాది పొడవునా పారే వాగులు. చాంగ్ నది పోయాంగ్ సరస్సులో కలుస్తుంది. ఆ సరస్సు నుంచి యాంగ్జీ నదికి దారి ఉంది. బండి మీద వెళ్తే కుదుపులకు పగిలిపోయే సరుకు పడవలో భద్రంగా చేరుతుంది. బట్టీకి కట్టె, గిన్నెకు రాయి, ఆ రాయిని దంచడానికి నీటి బలం, తయారైన సరుకుకు నీటిదారి, నాలుగూ ఒక్కచోట కుదిరిన ఊళ్లు అరుదు.

ఊరి పాత పేరు చాంగ్నాన్. 1004లో సోంగ్ వంశపు చక్రవర్తి జెన్‌జోంగ్ తన పాలనాకాలానికి పెట్టుకున్న జింగ్‌డె అనే శకం పేరును ఈ ఊరికి ఇచ్చాడు. నీలిఛాయ తొంగిచూసే తెల్లని చింగ్‌బాయి పాత్రలు అప్పటికే ఇక్కడ తయారవుతున్నాయి. ఇంత పేరొచ్చినా పాలనా లెక్కల్లో మాత్రం ఇది ఫూలియాంగ్ అనే జిల్లా కింద ఉండే సంత ఊరే. చుట్టూ కోటగోడ కూడా లేదు. గోడ లేకపోవడం దాంత్రకోల్‌కు వింతగా తోచింది. రాత్రిళ్లు దూరం నుంచి చూస్తే ఊరంతా తగలబడిపోతున్నట్టు కనిపించేదని కూడా రాశాడు. అధికారుల కోసం కట్టిన నగరం కాదిది. బట్టీల చుట్టూ, రేవు చుట్టూ దానంతటదే పెరిగిన పనివాళ్ల ఊరు.

చేతులు మారే దారి

పని ఊరికి చాలా దూరంలో మొదలవుతుంది. కొండ పల్లెల్లో పింగాణీ రాయిని తవ్వి, వాగు నీటితో కదిలే రోకళ్ల కింద పిండి చేస్తారు. ఆ పిండిని నీళ్లలో కలిపి, పైకి తేలిన సన్నని భాగాన్ని మాత్రం వంచుకుని, అందులోంచి అడుగున పేరుకున్న మడ్డిని తెల్లని ఇటుకలుగా కోసి పడవకు ఎక్కిస్తారు. దీనికి కలిపే రెండో మట్టి గావొలింగ్ కొండది. ప్రపంచం కేయొలిన్ అంటున్నది దాన్నే. రాయి వేడికి కరిగి గాజులా చిక్కబడుతుంది, కేయొలిన్ ఆ వేడిలో కూడా పాత్ర ఒరిగిపోకుండా నిలబెడుతుంది. యూరప్ వర్తకులు కొందరు తెల్లని ఇటుకలు మాత్రం కొనుక్కుపోయి పింగాణీ చేయబోయారని, ఎముకలు లేకుండా ఒట్టి మాంసంతో మనిషిని చేయాలనుకున్నారని అక్కడి వ్యాపారి ఒకరు నవ్వాడని దాంత్రకోల్ రాశాడు.

ఊళ్లోకి వచ్చిన మట్టిని ఒకరు పిసికి గాలి బుడగలు పోగొడతారు. సారె (కుమ్మరి చక్రం) మీద కూర్చున్న మనిషి గిన్నెను మందంగానే లేపుతాడు, సన్నగా తీయడం అతని పని కాదు. కాస్త ఆరాక ఇంకొకరు దాన్ని అచ్చు మీద బోర్లించి తట్టి, అన్ని గిన్నెలూ ఒకే కొలతకు వచ్చేలా చేస్తారు. ఆ తర్వాత చెక్కేవాడి దగ్గరకు వెళ్తుంది. ఈ వరుసలో అన్నిటికన్నా కష్టమైన పని బహుశా ఇదే. పచ్చి గిన్నె మళ్లీ సారె మీద తిరుగుతుంటే ఇనుప కత్తులతో లోపలా బయటా తొలుస్తూ పోవాలి. వేలితో తట్టినప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టి ఎంత మందం మిగిలిందో తెలుసుకోవాలి. ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ తీస్తే గిన్నె చినిగిపోతుంది. వెలుతురు అవతలికి కనిపించేంత పలచని జింగ్‌డెజెన్ గిన్నెలను చూసి చిత్రకారుణ్ణి మెచ్చుకునేవాళ్లే ఎక్కువ. ఆ పలచదనం చెక్కేవాడిది.

చాలా దేశాల్లో పాత్రను ఒకసారి కాల్చి, దాని మీద గ్లేజు, అంటే కాలాక గాజులా మెరిసే పూత, పూసి మళ్లీ కాలుస్తారు. జింగ్‌డెజెన్ పాత పద్ధతిలో ఆ మొదటి కాల్పు లేదు. ఆరిన పచ్చి గిన్నె మీదే బొమ్మ వేయాలి, పచ్చి గిన్నెకే గ్లేజు పట్టించాలి, ఒక్కసారే కాల్చాలి. పచ్చిమట్టి రంగునీళ్లను చటుక్కున పీల్చేస్తుంది కాబట్టి కుంచె ఆగడానికి వీల్లేదు. పైగా నీలానికి వాడే కోబాల్ట్ పూసేటప్పుడు మసిరంగులో ఉంటుంది, బట్టీలోంచి వచ్చాకే నీలంగా కనిపిస్తుంది. వేసేవాడు రంగును కళ్లతో చూడకుండానే ఛాయల తేడాలు ఊహించుకుని వేయాలి.

బొమ్మ కూడా ఒకరి పని కాదు. అంచు మీద గీత గీసేవాడు ఆ గీతలే గీస్తాడు. పూల రూపురేఖలు దిద్దేవాడు ఒకడు, వాటిలో రంగు నింపేవాడు మరొకడు. కొండలూ ఏళ్లూ వేసేవాళ్లు వేరు, పక్షులూ జంతువులూ వేసేవాళ్లు వేరు. 1743లో రాజబట్టీల అధికారి తాంగ్ యింగ్ చక్రవర్తి ఆజ్ఞ మీద పింగాణీ తయారీ గురించిన 20 చిత్రాలకు వివరణ రాస్తూ దీనికి కారణం చెప్పాడు. గీసేవాళ్లకు గీయడమే నేర్పుతారు, నింపేవాళ్లకు నింపడమే నేర్పుతారు. అప్పుడే చెయ్యి ఒకే పనిలో కుదురుతుంది, మనసు చెదరదు. వందల పాత్రల మీద బొమ్మ ఒకేలా రావాలంటే ఇదే మార్గమని ఆయన వాదన.

బొమ్మ అయ్యాక గ్లేజు. చిన్న గిన్నెల లోపల గ్లేజు పోసి గిర్రున తిప్పి ఒంపేస్తారు, బయటవైపు ముంచి తీస్తారు. పెద్దవాటికైతే కొసకు పలచని గుడ్డ కట్టిన వెదురు గొట్టంతో ఊదుతారు. ఆ ఊదడం మళ్లీ మళ్లీ, పొర మీద పొరగా సాగుతుంది. చివరికి అడుగుభాగం చెక్కి దాని మీద శకం పేరు రాసేవాడు ఇంకొకడు. రంగులు నూరే పనిలో చూపు లేనివాళ్లు, కాళ్లు లేనివాళ్లు కూడా కూలి సంపాదించుకునేవారని దాంత్రకోల్ గమనించాడు. ఊరు ఎవరికీ పని లేదనలేదు.

అయితే ఈ పద్ధతిని పొగడ్తలతో ముగించడం న్యాయం కాదు. జీవితమంతా అంచు గీతలే గీసిన మనిషి తన చేతితో ఒక్క పువ్వు కూడా వేయకుండానే పోయి ఉంటాడు. అడుగున చక్రవర్తి శకం పేరు ఉంటుంది, చేసినవాడి పేరు ఉండదు. మ్యూజియం అద్దాల వెనక ఉన్న వేల పాత్రల్లో పనివాడి పేరు తెలిసినవి నామమాత్రం.

నిప్పు దగ్గర

ఊళ్లో ప్రతి కుమ్మరికీ సొంత బట్టీ ఉండేది కాదు. ఊరి వ్యవస్థ మొత్తానికి ఇరుసు ఈ చిన్న విషయమే. జెన్ బట్టీ అనే స్థానిక బట్టీ నిలువునా కోసి పడుకోబెట్టిన గుడ్డులా ఉంటుంది. ముందు భాగం ఎత్తు, విశాలం, వెనక్కి పోయేకొద్దీ సన్నబడి పొగగొట్టంలో కలుస్తుంది. నిప్పుకు దగ్గరగా ఉన్నచోట వేడి ఎక్కువ, నడుమ సుమారు 1,300 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూ, వెనక ఇంకా తక్కువ. ఏ గ్లేజుకు ఏ వేడి పడుతుందో చూసి దాన్ని ఆ చోట పెడతారు. అంటే ఒకే కాల్పులో ఎన్నో కార్ఖానాల, ఎన్నో రకాల సరుకు కాలుతుంది. బట్టీ లేని చిన్న పనివాడు తన సరుకు పట్టినంత చోటుకు అద్దె కట్టి కాల్పించుకునేవాడు.

పచ్చి పాత్రలకు నేరుగా మంట తగలకుండా, బూడిద పడకుండా వేడిని తట్టుకునే మట్టి పెట్టెల్లో పెట్టి దొంతరలుగా పేర్చుతారు. ఆ పెట్టెలు చేసేది ఒక వర్గం, పేర్చేది ఇంకో వర్గం. కాల్పు మొదలయ్యాక అందరి గతీ బట్టీ పెద్ద చేతిలో ఉంటుంది. ఉష్ణమాపకం లేని రోజుల్లో అతను మంట రంగు చూసేవాడు. చూపు కంతలోంచి లోపలికి ఉమ్మి, అది ఎలా ఆవిరైందో చూసి వేడిని అంచనా వేసేవాడు. అతని అంచనా తప్పితే పదుల కుటుంబాల నెలల కష్టం బూడిద. ఈ మనిషికి ఇచ్చే గౌరవం చిత్రకారులకు కూడా ఉండేది కాదంటే అందులో వింతేమీ లేదు.

ఎవరు ఏ పని చేయాలన్నది వాళ్ల సొంత ఊరిని బట్టి, ఇంటిపేరును బట్టి నిర్ణయమయ్యేది. బట్టీల మీద పెత్తనం పోయాంగ్ సరస్సు పక్కనున్న దూచాంగ్ జిల్లావాళ్లది. అందులోనూ ఫెంగ్, యూ, జియాంగ్, ట్సావ్ అనే నాలుగు ఇంటిపేర్లది పైచేయి. పెట్టుబడి, వ్యాపారం హుయ్‌జౌ షావుకార్ల చేతుల్లో ఉండేది. బట్టీ కట్టే విద్య తరతరాలుగా వెయి వంశం గుప్పిట్లో ఉంది. కాల్చిన సరుకును రంగు, మచ్చ, వంకర చూసి తరగతులుగా విడదీసేవాళ్లు, వరిగడ్డితో చుట్టి కట్టేవాళ్లు, రేవుకు మోసేవాళ్లు, ఎవరి సంఘం వాళ్లది. బయటివాళ్లకు పని నేర్పకూడదని కట్టడి. ఈ కట్టడి వల్ల ఎంతమందికి దారులు మూసుకుపోయాయో చెప్పలేం గానీ, ఇంకో ఫలితం మాత్రం స్పష్టం. మొత్తం విద్య తెలిసిన ఒక్క మనిషి ఊళ్లో లేడు. ఒకణ్ణి పట్టుకుపోయినా, కొనేసినా దక్కేది 72లో ఒకటే.

నీలం పుట్టిన తీరు

నీలం తెలుపుల పాత్ర చూడగానే చైనా గుర్తొస్తుంది. నిజానికి అది చైనా పడమటి ఆసియాతో కలిసి చేసిన పని. మంగోలులు స్థాపించిన యువాన్ వంశం 1278లో ఇక్కడ ఫూలియాంగ్ పింగాణీ కార్యాలయాన్ని తెరిచింది. మంగోలుల కాలంలో పర్షియా, అరబ్ వర్తకులకు చైనా రేవులు విశాలంగా తెరుచుకున్నాయి. మేలైన కోబాల్ట్ పర్షియా వైపు నుంచి వచ్చింది. పెద్ద పెద్ద పళ్లేలు కావాలని అడిగిందీ పడమటి వాళ్లే. నలుగురూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినే అలవాటు వాళ్లది. తెల్లని, పచ్చని ఒంటిరంగు పాత్రలను ఇష్టపడే చైనా పండితుల్లో కొందరికి ఈ నీలి బొమ్మలు మొదట్లో మోటుగా అనిపించాయి.

ఈ పాత్రల్లో అన్నిటికన్నా ఎక్కువగా పేరు పడ్డవి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న డేవిడ్ కూజాల జంట. వాటి మెడ మీద తేదీ రాసి ఉంది కాబట్టి అవి 1351 నాటివని తెలుసు. చేయించింది రాజు కాదు. జియాంగ్సీలోని యూషాన్ ప్రాంతపు భక్తుడు జాంగ్ వెన్‌జిన్ తన కుటుంబ క్షేమం కోరి ఒక గుడికి మొక్కుగా ఇచ్చాడు. నీలం తెలుపుల కళ అప్పటికే ఎంత ముదిరిందో చెప్పే సాక్ష్యం రాజమందిరం నుంచి కాక ఒక సామాన్య భక్తుడి మొక్కు నుంచి దొరకడం ఈ ఊరి స్వభావానికి తగినట్టే ఉంది.

సరుకు సముద్రాలు దాటింది. ఢిల్లీలో ఫిరోజ్ షా తుగ్లక్ కోట ఆవరణలో యువాన్ కాలపు నీలి పాత్రల ముక్కలు 1960ల మొదట్లో బయటపడ్డాయి. హంపీలో విజయనగర ప్రభువుల నివాసాల తవ్వకాల్లో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి రేవులోనూ చైనా పెంకులు దొరికాయి. 1611లో షా అబ్బాస్ ఇరాన్‌లోని అర్దబీల్ దర్గాకు వెయ్యికి పైగా చైనా పాత్రలు సమర్పించాడు. ఇస్తాంబుల్ తోప్‌కాపీ మహల్లో ఉన్నవి పదివేల పైమాటే. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా విభాగానికి వెళ్లేవాళ్లు పాత్రల బొమ్మలతోపాటు వాటి అంచుల మందాన్ని, అడుగు చెక్కడాన్ని కూడా ఒకసారి చూస్తే, ఒక్కో పాత్రలో ఎన్ని వేర్వేరు చేతులున్నాయో కొంత తెలుస్తుంది.

రాజముద్ర కింద

మింగ్ వంశం వచ్చాక ఊరి నడుమ ఉన్న జూషాన్ గుట్ట మీద రాజబట్టీలు వెలిశాయి. శ్వాన్‌డె చక్రవర్తి కాలంలో, 1433లో, రాజమందిరం ఒకేసారి 4,43,500 పాత్రలు అడిగింది. 1571లో వచ్చిన ఆజ్ఞలో 1,05,770 ఉన్నాయి. ఇలాంటి లెక్కలు చూస్తే రాజబట్టీల్లోని పనివాళ్లు మాత్రమే తీర్చగల పని కాదని ఎవరికైనా అర్థమవుతుంది. అందుకే మింగ్ చివరి కాలానికి రాజు పాత్రలను ఊళ్లోని మామూలు బట్టీల్లో మంచి చోట్లు పట్టి కాల్పించే పద్ధతి వచ్చింది, చింగ్ వంశపు కాలంలో అదే ఖాయమైంది. చక్రవర్తి కూడా చిన్న కుమ్మరిలాగే బట్టీలో చోటు కోసం ఊరి మీద ఆధారపడ్డాడు.

రాజు కోసం చేసిన పాత్రలో రవ్వంత లోపం ఉన్నా బయటకు పోకూడదు. అలాంటివాటిని పగలగొట్టి గుట్టలోనే పూడ్చేవారు. 1980ల నుంచి లియు షిన్యువాన్ వంటి పురావస్తు పరిశోధకులు ఆ గుంటలు తవ్వి, ముక్కలు ఏరి, ఒక్కో పాత్రను మళ్లీ అతికించారు. కీచురాళ్ల పందేలంటే పడిచచ్చే శ్వాన్‌డె చక్రవర్తి కోసం చేసిన కీచురాళ్ల పెట్టెలు కూడా అలా పగిలిన ముక్కలుగానే దొరికాయి. పనికిరావని రాజు పాతిపెట్టించిన పెంకులే ఇవాళ పరిశోధకులకు అన్నిటికన్నా నమ్మదగిన ఆధారం.

మరోవైపు, చెంగ్‌హువా కాలపు (1465–87) ఒక చిన్న కోడిబొమ్మల గిన్నె 2014లో హాంకాంగ్ వేలంలో 28 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది. అరచేతిలో ఇమిడే గిన్నె అది. దాని రంగులు రెండు విడతలుగా పడ్డాయి. నీలి రేఖలు గ్లేజు కింద ఒక కాల్పులో, ఎరుపు పసుపు ఆకుపచ్చలు గ్లేజు మీద ఇంకో కాల్పులో. రేఖ గీసినవాడు ఎవరో, నింపినవాడు ఎవరో ఎవరికీ తెలియదు.

రాజు కోరికల ధర ఎంతో తెలియాలంటే తోంగ్ బిన్ కథ చదవాలి. వాన్‌లీ చక్రవర్తి తరఫున వసూళ్లకూ బట్టీల పర్యవేక్షణకూ వచ్చిన పాన్ షియాంగ్ అనే నపుంసక అధికారి, పెద్ద పెద్ద డ్రాగన్ గోలేలు చేయమని పట్టుబట్టాడు. అంత పెద్ద పాత్ర ఎండేటప్పుడే పగులుతుంది, కాల్చేటప్పుడు కుంగుతుంది. నెలల తరబడి ఒక్కటీ నిలవలేదు. కొరడా దెబ్బలు, ఆకలి, శిక్షలు. 1599లో తోంగ్ బిన్ అనే బట్టీ పనివాడు ఆ మంటల్లో దూకి ప్రాణం తీసుకున్నాడు. తర్వాత గోలేం చెక్కుచెదరకుండా వచ్చిందని జనం చెప్పుకున్నారు. ఆ మహిమ మాట ఎలా ఉన్నా, ఊరు అతణ్ణి గాలికీ నిప్పుకీ దేవుణ్ణి చేసి గుడి కట్టింది. కొన్నాళ్లకే పనివాళ్లు పాన్ షియాంగ్ మీద తిరగబడి రాజబట్టీల భవనాలకు నిప్పు పెట్టారు. 1608 నాటికి రాజబట్టీల పని దాదాపు ఆగిపోయింది. ఊరు ఆగలేదు. రాజు కొనకపోతే జపాన్‌కూ డచ్చివాళ్లకూ అమ్ముకుంది.

తోంగ్ బిన్‌కు తగిన మర్యాద చేసిన రాజోద్యోగి ఒకాయన ఉన్నాడు. ఆయనే తాంగ్ యింగ్. 1728లో ఇక్కడికి పంపినప్పుడు ఆయనకు పింగాణీ గురించి ఏమీ తెలియదు. తలుపులు వేసుకుని, ఎవరినీ కలవకుండా, మూడేళ్లపాటు పనివాళ్లతోనే తిని పనివాళ్లతోనే పడుకున్నానని ఆయనే రాసుకున్నాడు. తర్వాత ఆయన పర్యవేక్షణలో వచ్చిన పాత్రలను చింగ్ కాలపు పింగాణీలో శిఖరంగా లెక్కిస్తారు. గుడి పక్కన ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న ఒక పాత డ్రాగన్ గోలేన్ని, కాల్పులో పాడైనదాన్నే, ఆయన గుడిలోకి తెప్పించి ప్రతిష్ఠించాడు. దాని మీద ఒక వ్యాసం కూడా రాశాడు. పింగాణీ చరిత్రలో అధికారి గురించి చెప్పుకోదగ్గ పని ఒకటుందంటే అది ఇదే. ఆయన గౌరవించింది నిలిచిన పాత్రను కాదు, దాని కోసం పోయిన ప్రాణాన్ని.

యూరప్ పట్టుకున్నది, పట్టుకోలేనిది

యూరప్ రాజులకు పింగాణీ పిచ్చి పట్టింది. సాక్సనీ పాలకుడు ఆగస్టస్ 1717లో ప్రష్యా రాజుకు 600 మంది సైనికులను ఇచ్చి 151 పాత్రలు తీసుకున్నాడు. ఆయన కింద పనిచేసిన బోట్గర్, చిర్న్‌హౌస్ 1708 ప్రాంతంలోనే గట్టి పింగాణీ చేయడం కనిపెట్టారు, 1710లో మైసెన్ కార్ఖానా మొదలైంది. దాంత్రకోల్ 1712లోనూ 1722లోనూ రాసిన ఉత్తరాలు ఆ తర్వాత యూరప్ అంతటా చదివారు. రహస్యం బయటపడితే జింగ్‌డెజెన్ మూతపడాలి. పడలేదు. మైసెన్‌లోనూ, దాని తర్వాత వచ్చినవాటిలోనూ పింగాణీ పుట్టింది గానీ, అంత చవకగా, అన్ని లక్షల లెక్కన, అడిగిన ప్రతి బొమ్మతోనూ చేసివ్వగల ఊరు పుట్టలేదు. 1752లో దక్షిణ చైనా సముద్రంలో మునిగిన గెల్డర్‌మాల్సెన్ అనే ఒక్క డచ్చి ఓడలోనే లక్షన్నరకు పైగా పాత్రలు ఉన్నాయి. తర్వాతి శతాబ్దంలో యంత్రాలు ఆ లెక్కను మార్చాయి.

పేరున్న చేతులు, పేరులేని చేతులు

1855లో తైపింగ్ తిరుగుబాటు దాడుల్లో రాజబట్టీలు కూలిపోయాయి. మళ్లీ కట్టారు, 1911 విప్లవంతో అవీ ముగిశాయి. 1928లో గ్లేజు మీద బొమ్మలు వేసే కొందరు చిత్రకారులు ఒక బృందంగా కలిశారు. జూషాన్ ఎనిమిదిమంది మిత్రులని వాళ్లకు పేరొచ్చింది. తెల్లని పలకల మీద వాళ్లు వేసిన చిత్రాల కింద వాళ్ల సంతకాలు ఉండేవి. శకం పేరు ఉండే చోట మనిషి పేరు వచ్చింది. అంచు గీతలతో బతుకు గడిచిపోయిన వేలమందిని తలుచుకుంటే ఇది సంతోషించదగ్గ మలుపే. దానితోపాటు ఇంకొకటి కూడా మొదలైంది. సంతకం చేసిన చిత్రకారుడే పాత్రకు కర్త అన్న భావన బలపడింది. సారె తిప్పినవాడు, చెక్కినవాడు, కాల్చినవాడు అతని సహాయకులుగా మిగిలారు.

1950ల నుంచి పనంతా పెద్ద పెద్ద ప్రభుత్వ కర్మాగారాల కిందికి వచ్చింది. పది పెద్ద కర్మాగారాలని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1990లలో అవి ఒకదాని వెనక ఒకటి మూతపడి, వేలమంది వీధిన పడ్డారు. ఊరి చరిత్రలో అసలు పరీక్ష అప్పుడే ఎదురైందనవచ్చు. రాజు లేడు, ప్రభుత్వ జీతం లేదు, మట్టీ అడుగంటుతోంది. పనిలోంచి తీసేసినవాళ్లు చిన్న చిన్న గదుల్లో తమకు తెలిసిన ఒక్క పనినే అమ్మడం మొదలుపెట్టారు. ఒక సందులో సారె పని, ఇంకో సందులో చెక్కడం, మరోచోట అచ్చులు, ఎదురుగా కుంచెల దుకాణం. పచ్చి పాత్రలను పొడవాటి పలకల మీద పేర్చి, భుజానికెత్తుకునో తోపుడు బండి మీదో అద్దె బట్టీకి చేరుస్తారు. అక్కడ చోటు లెక్కన డబ్బు. కర్మాగారాలు పోగానే నాలుగు వందల ఏళ్ల కిందటి ఏర్పాటు దానంతటదే తిరిగి లేచింది, ఎందుకంటే అది ఏ భవనంలోనూ లేదు, మనుషుల మధ్య ఉంది.

బయటి కళాకారులు ఇక్కడికి వస్తున్నది కూడా దీనికోసమే. 2005లో పాత శిల్ప కర్మాగారం ఆవరణలో వెలిసిన పాటరీ వర్క్‌షాప్ చుట్టూ, 2016లో మరో పాత కర్మాగారంలో తెరిచిన తావోషీచ్వాన్ అనే కళాకేంద్రం చుట్టూ దేశం నలుమూలల నుంచి వచ్చిన యువత స్థిరపడింది. ఒక్కరే వచ్చి, కావలసిన పనినల్లా సందు సందుకూ తిరిగి చేయించుకోగల ఊరు ఇంకెక్కడుంది? 2010లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో చైనా కళాకారుడు అయ్ వెయ్‌వెయ్ పరిచిన పది కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలను సుమారు 1,600 మంది జింగ్‌డెజెన్ పనివాళ్లు ఒక్కొక్కటిగా చేత్తో తీర్చారు. ప్రపంచానికి తెలిసింది ఒక్క పేరే.

ఇప్పటి చిక్కు ఇక్కడే ఉంది. చైనా ప్రభుత్వం కళాకారులకు మాస్టర్ బిరుదులిస్తుంది. బిరుదున్న సంతకానికి ధర పలుకుతుంది. కుర్రవాళ్లు సహజంగానే చిత్రలేఖనం వైపూ రూపకల్పన వైపూ వెళ్తారు. చెక్కే పని ఏళ్ల తరబడి నేర్చుకోవాలి, మట్టి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, పేరు రాదు. గ్యాస్ బట్టీలో వేడిని మీటరు చూపిస్తుంది కాబట్టి మంట చదివే పెద్దకు పని తగ్గింది. గ్యాస్ మంటలో బూడిద లేదు గనుక మట్టి పెట్టెలు చేసేవాళ్లకూ గిరాకీ లేదు. వరిగడ్డి కట్టలు నురుగు అట్టలకు చోటిచ్చాయి. వీటిలో కొన్ని పోవడం మంచికే. కట్టెల కోసం కొండలు బోడి కావాలని, మనుషులు మళ్లీ దుమ్ము పీల్చాలని ఎవరూ కోరుకోకూడదు. చెక్కే పని మాత్రం అలాంటిది కాదు. ఆ పలచదనాన్ని చేతితో తెచ్చేవాళ్లు తగ్గితే బిరుదున్న చిత్రకారుడికి బొమ్మ వేయడానికి మందపాటి గిన్నెలే మిగులుతాయి. కాబట్టి సంతకానికి ఇచ్చే బిరుదుల్లో, జీతాల్లో, శిష్యులకు ఇచ్చే వేతనాల్లో చెక్కేవాడికి వేరే వరుస ఉండాలి.

ఈ దిశలో ఒక అడుగు ఎప్పుడో పడింది. 2006లో చైనా ప్రకటించిన మొదటి జాతీయ సంప్రదాయ విద్యల జాబితాలో జింగ్‌డెజెన్‌కు పింగాణీ పనుల కింద రెండు వేర్వేరు పద్దులు దక్కాయి. ఒకటి చేతితో పింగాణీ చేసే విద్య. రెండోది బట్టీలూ కార్ఖానా ఇళ్లూ కట్టే విద్య. పాత్ర మీద ఒక్క గీత కూడా గీయని తాపీపనివాణ్ణి చిత్రకారుడితో సమంగా నిలబెట్టిన పద్దు అది. 2009లో పాత జెన్ బట్టీని మళ్లీ వెలిగించినప్పుడు ఆ విద్య తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు, అందుకే అది సాధ్యపడింది. చెక్కేవాళ్లకూ, రంగు నింపేవాళ్లకూ, మట్టి శుద్ధి చేసేవాళ్లకూ అలా ఎవరి పద్దు వాళ్లకు ఇంకా రావలసి ఉంది.